మెడికల్ ఇన్ఫర్మేటిక్స్‌లో పీజీ, పీహెచ్‌డీ: ఎలా మొదలుపెట్టాలి?

ఎంబీబీఎస్, బీడీఎస్, ఫార్మ్‌డీ చేసినవాళ్లు, బీటెక్ అయ్యాక వైద్య రంగం వైపు రావాలనుకునేవాళ్లు అందరూ ముందు అడిగేది "ఏ యూనివర్సిటీ మంచిది?" అనే. నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ఆసుపత్రి డేటాతో మీరు స్వయంగా ఒక చిన్న పనైనా చేసి ఉంటే ఏ యూనివర్సిటీ అన్నది మీకే సగం తెలిసిపోతుంది, అప్లికేషన్ కూడా సగం రాసినట్టే.

రోగి రికార్డు, ల్యాబ్ రిపోర్టు, మందుల చీటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఇవన్నీ కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కాలి, ఎక్కాక వాటి వల్ల రోగికి, డాక్టర్‌కి మేలు ఎలా జరగాలి అన్నదే ఈ సబ్జెక్టు. ఆరోగ్యశ్రీ కేసులో ఆపరేషన్‌కి ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవడం దగ్గరుండి చూసినవాళ్లకి ఇది తెలిసిన విషయమే. జన్యువులు, ప్రోటీన్ల లెక్కలు చేసే బయోఇన్ఫర్మేటిక్స్ దీనికి పక్కింటిదే కానీ పని వేరు, కాబట్టి అప్లై చేసేముందు సిలబస్ తెరిచి చూడండి.

1. ఉద్యోగమా, పరిశోధనా తేల్చుకోండి

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, డేటా అనలిటిక్స్ ఉద్యోగాలు కావాలంటే మాస్టర్స్ చాలు. అమెరికాలో దానికి సాధారణంగా రెండేళ్ల వరకు పడుతుంది, ఖర్చు ఎక్కువగా మన జేబులోంచే. పరిశోధన కావాలంటే పీహెచ్‌డీ. అక్కడ డిపార్ట్‌మెంట్ గానీ ప్రొఫెసర్ ప్రాజెక్టు గానీ ఫీజు కట్టి, నెలనెలా స్టైపెండ్ ఇవ్వడం మామూలే, కానీ సుమారు ఐదేళ్లు కూర్చోవాలి. పరిశోధన మీద నిజంగా మనసున్నవాళ్లు అప్పు చేసి మాస్టర్స్‌కి వెళ్లేకంటే నేరుగా పీహెచ్‌డీకి ప్రయత్నించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. అక్కడ చాలాచోట్ల నాలుగేళ్ల డిగ్రీతోనే తీసుకుంటారు.

2. నిజమైన డేటా మీద చెయ్యి పెట్టండి

దీని మీదే ఎక్కువ సమయం పెట్టండి. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి ఐసీయూ రికార్డుల్లోంచి పేర్లు, గుర్తులు తీసేసి ఎంఐటీ వాళ్లు మిమిక్ అనే డేటాబేస్‌గా ఇస్తున్నారు. మిమిక్-3లో 2001 నుంచి 2012 వరకు చేరిన 40 వేలకు పైగా రోగుల వివరాలున్నాయి, మిమిక్-4 దాని తర్వాతి రూపం. ఇది డబ్బు కట్టకుండానే దొరుకుతుంది, కాకపోతే ఒక వరస ఉంది: ఈ డేటా ఉండే ఫిజియోనెట్ సైట్‌లో అకౌంట్ తెరవాలి, మనుషుల డేటాతో పరిశోధన చేసేటప్పుడు పాటించాల్సిన నియమాల మీద సిటీ (CITI) ట్రైనింగ్ అనే ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయాలి, మీ గైడ్ పేరు రిఫరెన్స్‌గా ఇవ్వాలి, చివర్లో ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అనుమతి వచ్చేలోపు ఖాళీగా కూర్చోకండి, 100 మంది రోగులతో ఒక డెమో డేటా అందరికీ తెరిచే ఉంటుంది, డేటాబేస్‌లోంచి కావాల్సింది అడిగి తీసుకునే ఎస్‌క్యూఎల్ భాష దాని మీదే నేర్చుకోవచ్చు.

తెరవగానే కొన్ని వింతలు కనిపిస్తాయి. రోగిని ఎవరూ గుర్తుపట్టకుండా తేదీలన్నీ భవిష్యత్తులోకి జరిపేశారు, అందుకే ఆసుపత్రిలో చేరిన ఏడాది 2150 అని ఉంటే కంగారుపడొద్దు. మిమిక్-3లో 89 ఏళ్లు దాటినవాళ్ల వయసు 300 దగ్గర చూపిస్తుంది, అదీ కావాలని చేసిందే. ఇది గమనించకుండా సగటు వయసు లెక్కగడితే మొత్తం తప్పిపోతుంది. ఇంకో మాట, ఈ డేటాని స్నేహితులకి పంపకూడదు, చాట్‌జీపీటీ లాంటి ఆన్‌లైన్ సేవల్లో మామూలుగా అతికించకూడదు. పేరు లేకపోయినా అది ఐసీయూలో ప్రాణాలతో పోరాడిన మనిషి రికార్డు, ఆ గౌరవం మనం ఇవ్వాలి.

ప్రశ్న చిన్నదే తీసుకోండి. ఫలానా రక్త పరీక్ష ఎవరికి చేశారు, ఎవరికి చేయలేదు, ఎందుకు? అదొక్కటి బాగా తవ్వినా దానిమీద రెండు పేజీలు రాయొచ్చు.

3. లేని సగం నేర్చుకోండి

డాక్టర్లైతే ఎస్‌క్యూఎల్, తర్వాత పైథాన్ లేదా ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష, స్టాటిస్టిక్స్. ఇంజనీర్లైతే దగ్గర్లోని ఆసుపత్రిలో అనుమతి అడిగి మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో కొన్నాళ్లు కూర్చోండి, కేస్ షీట్ ఎవరు రాస్తారో, ఎక్కడ ఖాళీ వదిలేస్తారో అక్కడే తెలుస్తుంది. ఐసీడీ-10 (జబ్బులకి ఇచ్చే కోడ్‌లు), స్నోమెడ్ సీటీ (వైద్య పదాలకి ప్రామాణిక కోడ్‌ల జాబితా), ఎఫ్‌హెచ్‌ఐఆర్ (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఆరోగ్య రికార్డులు పంపుకునే ప్రమాణం) అంటే ఏమిటో ఇద్దరికీ తెలియాలి. స్నోమెడ్‌లో భారత్‌కి సభ్యత్వం ఉంది కాబట్టి మనం లైసెన్స్ ఫీజు లేకుండా వాడుకోవచ్చు. ఆ లైసెన్స్ పని పుణెలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చూస్తుంది.

4. డబ్బు, వీసా లెక్క చూసుకోండి

అమెరికాలో ఈ చదువుకి పెద్ద దిక్కు అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, వాండర్‌బిల్ట్ లాంటి చోట్ల శిక్షణకి దశాబ్దాలుగా డబ్బు ఇస్తోంది. కానీ ఆ ట్రైనింగ్ గ్రాంట్ సీట్లు అక్కడి పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు తప్పకుండా ప్రయత్నించాలి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లు మాత్రం "ఈ గ్రాంటు కాకుండా విదేశీ విద్యార్థులకి ఏ నిధి ఉంది?" అని డిపార్ట్‌మెంట్‌నే ఈమెయిల్‌లో సూటిగా అడగండి.

మాస్టర్స్‌కి వెళ్తుంటే కోర్సు పేరు చూసి ఫీజు కట్టేయకండి, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే ప్రోగ్రామ్ కోడ్ అడగండి. మెడికల్ ఇన్ఫర్మేటిక్స్ కోడ్ 51.2706 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోర్సుల) జాబితాలో ఉంది, అంటే చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఏడాది ఓపీటీ మీద ఇంకో 24 నెలలు అడగొచ్చు. పేరులో ఇన్ఫర్మేటిక్స్ అని ఉన్నా కోడ్ హెల్త్ అడ్మినిస్ట్రేషన్ కిందికి వస్తే ఆ రెండేళ్లు దక్కకపోవచ్చు. కన్సల్టెన్సీ మాట మీద వదిలేయొద్దు, యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

5. ఇక్కడి దారులు వదలకండి

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పరిశోధనతో ఎంఎస్, పీహెచ్‌డీ ఉన్నాయి. బెంగళూరు ట్రిపుల్ ఐటీలో ఈ-హెల్త్ పరిశోధన కేంద్రం ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2010 నుంచి సొంతంగా తయారు చేసుకున్న ఐస్మార్ట్ అనే ఎలక్ట్రానిక్ రికార్డు వాడుతోంది, ఆ డేటా మీద పరిశోధన పత్రాలు కూడా వచ్చాయి. ఎంబీబీఎస్, బీడీఎస్ చదువుతున్నవాళ్లయితే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి ఇన్ఫర్మేటిక్స్ ప్రశ్నతోనే ప్రపోజల్ రాయొచ్చు.

6. ప్రొఫెసర్లకి రాయండి

"రెస్పెక్టెడ్ సర్" అని మొదలయ్యే ఒకే మెయిల్ యాభై మందికి పంపితే ఎవరూ చదవరు. ఆయన లేదా ఆవిడ పేపర్ ఒకటి చదివి, అందులో మీకు తట్టిన సందేహం రెండు వాక్యాల్లో రాసి, మీ మిమిక్ పని లింకు పెట్టండి. లింకులో కోడ్ మాత్రమే ఉండాలి, డేటా కాదు. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తు చేయండి, అంతకుమించి వద్దు.

అమెరికా పీహెచ్‌డీ గడువులు చాలావరకు డిసెంబర్‌లోనే ముగుస్తాయి. కాబట్టి వేసవిలో డేటా పని, ఆగస్టులో మెయిళ్లు అయిపోవాలి. రెకో లెటర్లు (సిఫార్సు లేఖలు) రాసే మేడమ్‌కో సార్‌కో సెప్టెంబర్‌లోనే చెప్పి, మీరు చేసిన పని రెండు పేజీల్లో వాళ్ల చేతికివ్వండి.