చారిత్రక అపరాధ పరిశోధన నవలా రచన, నాలుగవ పాఠం: బెర్లిన్, 1933 వసంతం

గత మూడు పాఠాలలో నేరాన్ని ముందుగా నిర్మించుకోవడాన్ని, అనుమానితులను ఎంచుకోవడాన్ని, ఆధారాన్ని పాఠకుని కళ్లెదుటే ఉంచి అతని దృష్టి దానిపై నిలవకుండా చేయడాన్ని అభ్యసించాము. ఆ మూడింటినీ ఇప్పుడు ఒక నిర్దిష్టమైన కాలంలోకి తీసుకువెళదాము. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు యూదు ద్వేషం వీధి గొడవ స్థాయిని దాటి రాజ్యవిధానంగా మారిన జర్మనీని, అందులోనూ 1933 మార్చి, ఏప్రిల్ నెలల బెర్లిన్‌ను ఈ పాఠానికి ఎంచుకున్నాను. అపరాధ పరిశోధన నవలకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష మరొకటి ఉండదని నా నమ్మకం. ఆ ప్రక్రియ అంతా చట్టం మీద ఆధారపడి నడుస్తుంది, ఆ నగరంలోనేమో చట్టమే వారానికొకసారి నేరస్థుని వైపు జరుగుతూ వచ్చింది.

ఈ నేపథ్యంతో వచ్చే రాతప్రతులలో తరచుగా కనిపించే లోపం ఒకటే. మొదటి అధ్యాయంలో స్వస్తిక జెండాలు, కవాతు చేసే దళాలు, పగిలిన అద్దాలు వస్తాయి, ఆ తరువాత ఏ కాలంలోనైనా, ఏ ఊరిలోనైనా జరగగల హత్య జరుగుతుంది. అటువంటి కథకు చరిత్ర గోడకు తగిలించిన పటం మాత్రమే అవుతుంది. మీ కథను పరీక్షించుకోవడానికి ఒక మార్గం ఉన్నది. కథ జరిగే తేదీని ఐదేళ్లు ముందుకో వెనుకకో జరిపి చూడండి. హంతకుని ప్రయోజనమూ, సాక్షి మౌనమూ, పరిశోధకుని అధికారమూ ఏమీ మారకుండా కథ నిలబడితే, ఆ కాలాన్ని మీరు ఇంకా కథలోకి తీసుకురాలేదన్నమాట.

కనుక పాత్రల కన్నా ముందు క్యాలెండరును సిద్ధం చేసుకోవాలి. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. బెర్లిన్ ఉన్న ప్రష్యా రాష్ట్రపు పోలీసు వ్యవస్థను చేతిలో పెట్టుకున్న నాజీ నాయకుడు గోరింగ్, ఫిబ్రవరి 22న నాజీ పార్టీకి చెందిన ఎస్.ఏ., ఎస్.ఎస్. దళాల నుండీ మిత్రపక్ష సంఘం నుండీ సుమారు 50,000 మందిని సహాయక పోలీసులుగా నియమించాడు. నిన్నటి వరకు పోలీసులు వెంటపడి పట్టుకున్న వీధి రౌడీ ఈనాడు చేతికి తెల్ల పట్టీ కట్టుకుని, అదే పోలీసు పక్కన విధి నిర్వహణలో నిలబడ్డాడు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది, మరునాడే వచ్చిన అత్యవసర ఆదేశం పౌరహక్కులను రద్దు చేసింది. మార్చి 21న వెలువడిన మరొక ఆదేశం మన పనికి అత్యంత ముఖ్యమైనది. నాజీలు ‘జాతీయ పునరుత్థానం’ అని పిలుచుకున్న దాని కోసం జరిగిన పోరాటంలో ఆ తేదీ వరకు చేసిన నేరాలకు అది క్షమాభిక్ష ప్రసాదించింది. ఏప్రిల్ 1, శనివారం ఉదయం 10 గంటలకు యూదుల దుకాణాల బహిష్కరణ మొదలైంది. ఏప్రిల్ 7న యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుండి తొలగించే చట్టం వచ్చింది. ఏప్రిల్ 11న వచ్చిన నిబంధన ప్రకారం తాతముత్తాతల దాకా వెళ్లనవసరం లేకుండానే, అవ్వాతాతలలో ఒక్కరు యూదులైనా ఆ ఉద్యోగి ‘ఆర్యేతరుడు’ అయ్యాడు. ఏప్రిల్ 26న గోరింగ్ ఆదేశంతో గెస్టపో అనే రహస్య పోలీసు శాఖ ఏర్పడింది.

ఈ వరుసలో మార్చి 21 ఆదేశం వద్ద కొంతసేపు ఆగండి. హత్య ఎప్పుడు జరిగిందన్న ప్రశ్న ప్రతి అపరాధ పరిశోధన నవలలోనూ ఉంటుంది, సాధారణంగా అది హంతకుడు ఆ సమయంలో మరొకచోట ఉన్నాడని చూపడానికి పనికివస్తుంది. ఇక్కడ మాత్రం తేదీకి మరొక విలువ వచ్చింది. మార్చి 20న రాజకీయ కారణంతో జరిగిందని చూపగలిగిన హత్యకు శిక్ష లేదు, పది రోజుల తరువాత డబ్బు కోసం జరిగిన హత్యకు శిక్ష ఉన్నది. హంతకునికి ఇప్పుడు తన జాడను దాచవలసిన అవసరం కన్నా, తాను చేసిన హత్యను కొన్ని రోజులు వెనుకకు జరపవలసిన అవసరమే ఎక్కువ. ఇటువంటి మెలికను మరే కాలమూ మీకు ఇవ్వదు, అందుకే చట్టాల పాఠాన్ని చదవడం రచయితకు విసుగు పుట్టించే పని కాకూడదని చెబుతున్నాను.

ఇప్పుడు కథను అల్లుదాము. స్థలం హౌస్‌ఫోక్టైప్లాట్స్. బెర్లిన్ నడిబొడ్డున ఉన్న ఆ కూడలి స్త్రీల రెడీమేడ్ దుస్తుల వ్యాపారానికి కేంద్రం, అక్కడి సంస్థలలో చాలా వాటికి యూదులే యజమానులు. మన కల్పిత సంస్థకు ఇద్దరు భాగస్వాములు. బోర్డు మీద ఉన్నది యూదుడు కాని భాగస్వామి పేరు, యూదు భాగస్వామి పేరు న్యాయస్థానంలోని వాణిజ్య రిజిస్టరులో తప్ప బయట ఎక్కడా కనబడదు. ఏప్రిల్ 1 ఉదయం ఆ రెండవ వ్యక్తి శవం పై అంతస్తులోని బట్టల గోదాములో దొరుకుతుంది. పక్కనే మార్చి నెల మధ్యలో అచ్చయిన కరపత్రాలు, శరీరం కింద అదే కాలపు వార్తాపత్రిక ఉంటాయి. ఆయన మార్చి 19న ప్రయాణమై వెళ్లాడని భాగస్వామి చెబుతాడు. ఎస్.ఏ. మనుషులు దారికాచి చంపి ఉంటారని అందరూ అనుకుంటారు, అలా అనుకోవడమే హంతకునికి కావాలి.

మొదటి ఆధారం వీధి తలుపు మీదనే ఉన్నది. ఆ రోజు బహిష్కరణ దళాలు యూదుల దుకాణాల మీద నక్షత్రం గుర్తు వేశాయి. మన సంస్థ తలుపు మీద కూడా ఆ గుర్తు ఉన్నది, బోర్డు మీది పేరు చూస్తే ఉండవలసిన కారణం లేదు. రిజిస్టరు తిరగేసిన వారెవరో, లేదా లోపలి మనిషి ఎవరో చెప్పి ఉండాలి. ఈ వివరాన్ని మొదటి అధ్యాయంలో, తలుపు ముందు నిలబడిన దళాన్ని దాటుకుని పరిశోధకుడు లోపలికి వెళ్లే సందర్భంలో, అతని అవమానం చాటున ఒక్క వాక్యంలో చెప్పండి. పాఠకుడు అవమానాన్ని గుర్తుంచుకుంటాడు, నక్షత్రాన్ని ఆ దృశ్యంలో భాగంగా మాత్రమే చూస్తాడు.

రెండవ ఆధారం మృతుని కోటు లోపలి జేబులో ఉన్న చిన్న రసీదు. పాస్‌ఓవర్ పండుగకు కావలసిన పులియని రొట్టెల కోసం ఒక బేకరీలో ముందుగా డబ్బు కట్టినట్లు హీబ్రూ లిపిలో రాసిన కాగితం అది, తేదీ కూడా యూదుల పంచాంగం ప్రకారం నీసాన్ నెల ఒకటవ రోజు అని ఉంటుంది. హంతకునికి ఆ లిపి రాదు కనుక దానిని పనికిరాని చీటీగా వదిలివేస్తాడు. మన పంచాంగంలాగే యూదుల పంచాంగం కూడా చంద్రుని గమనాన్ని అనుసరిస్తూ అధికమాసంతో సౌరసంవత్సరానికి సర్దుకుంటుంది, కాబట్టి తెలుగు పాఠకునికి ఈ లెక్క కొరుకుడు పడనిది కాదు. పండుగ నీసాన్ 15న వస్తుంది, యూదులకు రోజు సాయంత్రంతో మొదలవుతుంది, 1933లో ఆ సాయంత్రం ఏప్రిల్ 10. ఈ సంగతిని మూడవ అధ్యాయంలో ఏదో ఒక ఇంటి పండుగ సన్నాహాల మధ్య చెప్పి ఉంచితే, నీసాన్ ఒకటి అంటే మార్చి 28 అని పాఠకుడు తానే లెక్కకట్టగలడు. మార్చి 19న ఊరు విడిచాడన్న మనిషి మార్చి 28న రొట్టెలకు డబ్బు కట్టాడు. క్షమాభిక్ష ఆశ అక్కడితో ముగిసింది.

ఆధారం దొరికినంత మాత్రాన సాక్షి దొరకడు, కథలో అసలు బరువు ఈ చోటనే ఉన్నది. ఆ బేకరీ షోయ్‌నెన్‌ఫియర్టెల్ అనే పేటలో ఉంటుంది. పోలండు, గలీషియా ప్రాంతాల నుండి వలస వచ్చిన పేద యూదులు అక్కడి ఇరుకు వీధులలో ఉండేవారు. ద్రవ్యోల్బణం ప్రజల నడ్డి విరిచిన 1923 నవంబరులో గుంపులు ఆ పేట మీద పడి దుకాణాలను దోచి, మనుషులను బట్టలు చించి కొట్టాయి. బేకరీ యజమానికి అది పదేళ్ల నాటి జ్ఞాపకం. పైగా అతను జర్మన్ పౌరుడు కాడు. అలెగ్జాండర్‌ప్లాట్స్‌లోని పోలీసు కేంద్ర కార్యాలయానికి వచ్చి వాంగ్మూలం ఇస్తే, తిరిగి ఇంటికి వస్తాడో దేశం దాటిస్తారో అతనికి తెలియదు. అతని మౌనాన్ని పిరికితనంగా రాయవద్దు. ఆ మనిషి తన పిల్లల సంఖ్యను, తన వద్ద ఉన్న కాగితాలను మనసులో లెక్క చూసుకుంటూ పరిశోధకుని ఎదుట పిండి కలుపుతూనే ఉండే దృశ్యం రాయండి, సంభాషణ చాలా తక్కువగా ఉండనివ్వండి.

ఇక పరిశోధకుడు ఎవరు? బెర్లిన్ పోలీసు శాఖ ఆనాడు ఐరోపాలో పేరున్నది. ఎర్నెస్ట్ గెన్నాట్ 1926లో హత్యల కోసమే ఒక ప్రత్యేక విభాగాన్ని నిర్మించాడు. పరిశోధన సామగ్రితో, టైపు యంత్రంతో ఘటనా స్థలానికి వెళ్లే ప్రత్యేకమైన కారు ఆయన ఆలోచనే. 1939లో మరణించే వరకు ఆయన ఉద్యోగంలోనే ఉన్నాడు. వేలిముద్రలు, మనిషి రక్తాన్ని జంతు రక్తం నుండి వేరు చేసే పరీక్ష, రక్తపు గ్రూపులు అప్పటికే అందుబాటులో ఉన్నాయి, కాబట్టి మీ పరిశోధకుని చేతికి ఈ సాధనాలు ఇవ్వవచ్చు.

అదే శాఖలో బెర్న్‌హార్డ్ వైస్ చరిత్రను ప్రతి విద్యార్థీ తప్పక తెలుసుకోవాలి. యూదుడైన ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా పనిచేసి పతకం పొందాడు, బెర్లిన్ నేర పరిశోధక విభాగానికి అధిపతి అయ్యాడు, 1927లో నగర పోలీసు ఉపాధ్యక్షుడయ్యాడు. నాజీ ప్రచార నాయకుడు గోబెల్స్ తన పత్రికలో ఆయనను ఆయనది కాని ‘ఇసిడోర్’ అన్న పేరుతో వారం వారం ఎగతాళి చేశాడు. వైస్ మళ్లీ మళ్లీ కోర్టుకు వెళ్లి గెలిచాడు. తీర్పులు ఆయన వైపు వచ్చాయి, ఆ పేరు మాత్రం జనం నోళ్లలో నిలిచిపోయింది. 1932 జులై 20న ప్రష్యా ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు ఆయనను పదవి నుండి తొలగించారు, 1933లో ఆయన దేశం విడిచి ప్రాగ్ మీదుగా లండన్ చేరి, 1951లో అక్కడే మరణించాడు. దీనికి ఎదురుగా మరొక జీవితాన్ని పెట్టి చూడండి. 1931 సెప్టెంబరు 12న, యూదుల నూతన సంవత్సరం రోజున, కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్ వీధిలో యూదులుగా కనబడిన వారినందరినీ కొట్టించిన ఎస్.ఏ. నాయకుడు కౌంట్ హెల్డార్ఫ్ మీద విచారణ జరిగింది, ఆయన తేలికగా బయటపడ్డాడు. 1935లో ఆయనే బెర్లిన్ పోలీసు అధ్యక్షుడయ్యాడు. యూదు ద్వేషం పెరిగిందని చెప్పడానికి విశేషణాలు వాడవలసిన పని లేదు, ఈ ఇద్దరి పదవుల తేదీలు పక్కపక్కన పెడితే చాలు.

మన పరిశోధకుణ్ణి 1902లో పుట్టినవాడిగా నిర్ణయిద్దాము. ఏప్రిల్ 7 చట్టం, మొదటి ప్రపంచ యుద్ధంలో ముందు వరుసలో పోరాడినవారికి మినహాయింపు ఇచ్చింది. 1902లో పుట్టినవాడు ఆ యుద్ధానికి చిన్నవాడు, కాబట్టి అతనికి ఆ రక్షణ లేదు. అతను చర్చిలో పెరిగినవాడు, తల్లి తల్లి మాత్రం యూదు కుటుంబంలో పుట్టినది. ఆ విషయం అతనికి ఒక పాత కుటుంబ వివరం మాత్రమే, ఏప్రిల్ 11 వరకు. అంటే శవం దొరికిన రోజు నుండి అతని చేతిలో ఉన్న కాలం పది రోజులు. ఈ గడువు అతనికి తెలియదు, తెలిసిన పాఠకుడు ఉక్కిరిబిక్కిరి అవుతాడు. రసీదు మీది లిపిని అతనికి చదివి చెప్పేది ఆ అవ్వే అయితే, హంతకుని పట్టించే ఆధారమూ, పరిశోధకుని ఉద్యోగం తీసే ఆధారమూ ఒకే ఇంటి నుండి వస్తాయి.

పాత్రల విషయంలో రెండు హెచ్చరికలు. మొదటిది, 1933లో ఉన్న ఎవరికీ 1942, అంటే యూదుల సామూహిక సంహారం జరిగిన కాలం, తెలియదు. జర్మనీలోని యూదులు ఆనాడు సుమారు ఐదు లక్షలు, వారిలో దాదాపు మూడవ వంతు బెర్లిన్ వాసులు. జర్మనీ కోసం ప్రాణాలిచ్చిన యూదు సైనికులు సుమారు 12,000 మంది. బహిష్కరణ రోజున కొందరు మాజీ సైనికులు తమ యుద్ధ పతకాలు ధరించి దుకాణాల ముందు నిలబడ్డారు. ఇది గడిచిపోయే గాలి అని నమ్మినవారు, వెంటనే బయలుదేరినవారు, పాలస్తీనాకు వలస వెళ్లే మాట ఎత్తితే కోప్పడినవారు ఒకే భోజనపు బల్ల చుట్టూ ఉండేవారు. ఆ ఏడాది సుమారు 37,000 మంది దేశం విడిచారు. మిగిలినవారిని తెలివితక్కువవారుగా చూపించే ప్రతి వాక్యాన్నీ కొట్టివేయండి. రెండవది, యూదు పాత్రలు కథలో చంపబడడానికో రక్షింపబడడానికో మాత్రమే ఉండకూడదు. మృతునికి కూడా అప్పులు, అసూయలు, ఇష్టమైన పాటలు ఉండాలి, అతని మీద కూడా పాఠకునికి ఒక క్షణం అనుమానం కలగాలి.

తెలుగు రచయితకు ఆ నగరంలో మనవాడినొకణ్ణి నిలబెట్టాలన్న కోరిక కలగవచ్చు. నిజమైన జాడలు ఉన్నాయి. హైదరాబాదులో పుట్టిన వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ 1931 వరకు బెర్లిన్‌లో వలసపాలన వ్యతిరేక ఉద్యమం నడిపాడు. హైదరాబాదులోనే పుట్టిన జాకిర్ హుసేన్ 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. అక్కడ ఆయనకు స్నేహితురాలైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ తరువాత ఢిల్లీలోని జామియా మిల్లియాలో పనిచేస్తూ 1943లో మరణించింది. అయినా కథకు అవసరం లేకపోతే ఈ కోరికను పక్కన పెట్టమనే నా సలహా.

ముగింపు గురించి ఒక్క నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి. హంతకుడు ఎవరో తేలిన తరువాత అతణ్ణి అరెస్టు చేయించగలరా? ఆ వసంతంలో నాజీ పార్టీ సభ్యత్వం కోసం ఎంత రద్దీ పెరిగిందంటే, మే 1న కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపివేశారు. మన హంతకుడు అంతకు ముందే చేరి ఉంటాడు. రహస్యం మాత్రం పూర్తిగా విడిపోవాలి, ఇందులో రాజీ వద్దు. శిక్ష సంగతి వేరు. పరిశోధకుడు కేసు కాగితాలను ఎవరి చేతిలో పెడతాడు, ఏ తేదీ వేస్తాడు అన్నది మీ కథ తేల్చాలి.

ఈ వారపు అభ్యాసం ఇది. పైన చెప్పిన తేదీలను ఒక కాగితం మీద నిలువుగా రాసుకుని, ప్రతి తేదీ పక్కన హంతకునికి, సాక్షికి, పరిశోధకునికి ఆ రోజు ఏమి మారిందో ఒక్కొక్క వాక్యం రాయండి. ఏదైనా తేదీ పక్కన మూడు గళ్లూ ఖాళీగా మిగిలితే ఆ తేదీని కథలోనుండి తీసివేయండి. తరువాత బేకరీ దృశ్యాన్ని రెండు పుటలకు మించకుండా రాయండి. అందులో నాజీ అన్న మాట గాని, హిట్లర్ పేరు గాని రాకూడదు. ఐదవ పాఠంలో ఆ దృశ్యాన్ని తీసుకునే విచారణ సంభాషణ మొదలుపెడతాము, కనుక ప్రతిని దగ్గర ఉంచుకోండి.