పీఎస్3 (ప్లేస్టేషన్ 3 గేమ్ బాక్సు) అప్‌డేట్ చేసినాక టీవీలో బొమ్మ రాకపోతే, పాత పీఎస్2 డిస్కులు ఆడాలంటే

మొన్న అనంతపురంలో మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, అన్నా పీఎస్3కి అప్‌డేట్ పెట్టినా, ఇప్పుడు టీవీ అంతా నల్లగా ఉంది, క్లాక్ టవర్ దగ్గర షాపాయన బోర్డు పోయింటుంది అంటాండాడు అని ఒకటే దిగులు. యాడికీ తీసుకపోవద్దురా అని చెప్పి పోయి చూస్తే పచ్చ లైటు వెలుగుతాంది, ఫ్యాన్ తిరుగుతాంది, బొమ్మ ఒక్కటే లేదు. సంగతేందంటే అప్‌డేట్ అయినాక వాళ్ళ నాయన క్రికెట్ చూడాలన్నాడని వీడు బాక్సును హాల్లోంచి తెచ్చి లోపలి గదిలో చిన్న టీవీకి పెట్టినాడు, బాక్సేమో 1080పీ రిజల్యూషన్‌లో (బొమ్మలో ఎన్ని చుక్కలుంటాయనే లెక్క) పంపిస్తాంది, ఆ టీవీ అంతకన్నా తక్కువ, 720పీ వరకే తీసుకుంటుంది. అంతే, అప్‌డేట్‌కీ దానికీ సంబంధమే లేదు.

ఇట్లాంటప్పుడు ముందు బాక్సు ఆఫ్ చేయండి, ఎర్ర లైటు మాత్రమే ఉండాల. హెచ్‌డీఎంఐ వైరు గట్టిగా పెట్టి, టీవీలో ఆ ఇన్‌పుటే ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు పవర్ బటన్ మీద వేలు పెట్టి అట్లే పట్టుకోండి, మొదట ఒక బీప్ వస్తుంది, అప్పుడు మాత్రం వదలొద్దు, చానామంది అక్కడే వదిలేసి పని కాలేదంటారు. ఇంకో ఐదు సెకన్లు పట్టుకుంటే మళ్ళీ బీప్ వస్తుంది, అప్పుడు తీయండి. వీడియో సెట్టింగ్ మొదటికొచ్చి బొమ్మ పడుతుంది. హెచ్‌డీఎంఐ వాడాలా అని అడిగితే ఎస్ కొట్టండి, కంట్రోలర్‌ను యూఎస్‌బీ వైరుతో పెట్టుకుంటే మంచిది.

తర్వాత సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, అందులో వీడియో అవుట్‌పుట్ సెట్టింగ్స్. ఆటోమేటిక్ కుదరకపోతే కస్టమ్‌కి పోయి మీ టీవీ తీసుకునే రిజల్యూషన్లకే టిక్ పెట్టండి. తప్పు ఎంచుకున్నా భయం లేదు, 30 సెకన్లు ఏమీ నొక్కకుండా ఉంటే పాతదానికే వచ్చేస్తుంది. ఎరుపు తెలుపు పసుపు వైర్లతో పెడితే మాత్రం అక్షరాలు మసకగానే ఉంటాయి, ఆ వైర్లలో హెచ్‌డీ రాదు.

ఇంక పీఎస్2 డిస్కులు. ఏ అప్‌డేట్ పెట్టినా ఇది మారదు, మీ బాక్సు ఏ మోడలనేదే లెక్క. ముందర నాలుగు యూఎస్‌బీ పోర్టులుంటే పీఎస్2 డిస్క్ ఆడుతుంది, కొన్ని గేములు కొంచెం తేడా చేస్తాయి. రెండే పోర్టులుంటే పీఎస్2 డిస్క్ ఆడదు, పీఎస్1 డిస్కులైతే అన్ని పీఎస్3లలోనూ ఆడతాయి. డిస్క్ రీజియన్ (ఏ దేశాల కోసం చేసిందనేది) కూడా మీ బాక్సుతో కలవాల, సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇది చూసుకోండప్పా, దుడ్లు ఊరికే రావు.

ఈ పాత గేము పిక్సెళ్ళు పిక్సెళ్ళుగా కనిపిస్తే గేమ్ సెట్టింగ్స్‌లో అప్‌స్కేలర్‌ను (బొమ్మను హెచ్‌డీ టీవీకి తగ్గట్టు పెంచేది) నార్మల్‌కీ, స్మూతింగ్‌ను (గరుకు అంచులు నున్నగా చేసేది) ఆన్‌కీ పెట్టండి, 2007లో 1.80 అప్‌డేట్‌తో వచ్చింది ఇది. అప్‌స్కేలర్‌ను ఫుల్ స్క్రీన్‌కి పెడితే మనుషులు లావుగా సాగిపోతారు, నాకైతే నార్మలే బాగుంటుంది. ఆడే ముందు మెమరీ కార్డ్ యుటిలిటీలో పీఎస్2 కార్డు (సేవ్‌లు దాచుకోను బాక్సు లోపలే చేసుకునే కార్డు) ఒకటి క్రియేట్ చేసి స్లాట్ 1కి అసైన్ చేయండి, మావోడు అసైన్ చేయకుండానే రెండు గంటలు ఆడినాడు, ఒక్క సేవ్ కూడా మిగల్లేదు.