కంచం దగ్గర భయం: పిల్లల్లో ఈటింగ్ డిజార్డర్‌ను గుర్తుపట్టడం ఎలా

విజయనగరంలో ఇంటర్ చదివే ఆడపిల్లల హాస్టల్‌కు నేను వార్డెన్‌ని. చీపురుపల్లి, బొబ్బిలి, రాజాం వైపు నుంచి వచ్చిన పిల్లలు మా దగ్గర ఉంటారు. సెలవులకు తీసుకెళ్ళడానికి వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది, "బాగా తింటోందా మేడమ్?" అని. ఎంత తింటోందో చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు, ఎలా తింటోందో చూడాలి. తల్లిదండ్రుల కోసం, తోటి వార్డెన్ల కోసం, ఆటలు నేర్పే మాస్టార్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి చుట్టూ అల్లుకునే మానసిక జబ్బు, ఉన్నవాళ్ళందరూ బక్కచిక్కి కనిపించరు. అనోరెక్సియాలో బరువు పెరుగుతామన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోతారు. బులీమియాలో అదుపు లేకుండా తినేసి, ఆ తర్వాత వాంతి చేసుకోవడమో, విరేచనాల మాత్రలు మింగడమో, ఒళ్ళు హూనమయ్యేలా వ్యాయామం చేయడమో ఉంటుంది. ఆ పిల్ల బరువు మామూలుగానే ఉండవచ్చు. అదుపు తప్పి తినడం ఒక్కటే ఉంటే అది బింజ్ ఈటింగ్. ఇక ఆర్ఫిడ్ అనే రకంలో లావవుతామన్న బెంగే ఉండదు. గొంతుకు అడ్డం పడుతుందన్న భయం వల్లనో, కొన్ని వాసనలు, రుచులు సహించకనో తినేవి నాలుగైదు పదార్థాలకు కుంచించుకుపోతాయి.

మెస్‌లో నేను గమనించేవి చెబుతాను. అన్నం చిదుముతూ, కూర అటూ ఇటూ నెడుతూ అందరూ లేచేదాకా కూర్చోవడం. తన వాటా పక్కమ్మాయికి వేసి, అందరికీ తానే ఆత్రంగా వడ్డించడం. ఇష్టంగా తినే కోడికూర ముందు మానేసి, తర్వాత నూనె తగిలినవన్నీ, ఆ తర్వాత అన్నమే మానేయడం. తిన్న వెంటనే బాత్రూమ్‌కు వెళ్ళి కొళాయి తిప్పి ఉంచడం. ఏ ఒక్కటో చూసి కంగారు పడకండి. కొన్ని కలిసి, వారాల తరబడి సాగుతుంటే పట్టించుకోండి.

ఒళ్ళు కూడా చెబుతుంది. ఎండాకాలంలోనూ చలి అంటుంది. జుట్టు రాలుతుంది, చేతుల మీద, వీపు మీద సన్నని నూగు వస్తుంది. ప్రార్థనలో నిలబడితే కళ్ళు తిరుగుతాయి. వాంతులు చేసుకునే పిల్లలకు పళ్ళ పైపొర అరుగుతుంది, చెవుల కింద దవడలు ఉబ్బుతాయి, వేళ్ళ కణుపుల మీద కాయలు కాస్తాయి. హాస్టల్లో నాప్‌కిన్లు ఇచ్చే పుస్తకం ఉంటుంది కదా, అందులో ఒక పిల్ల పేరు మూడు నెలలు వరుసగా కనిపించకపోతే నెలసరి ఆగిపోయిందేమో, తప్పకుండా పిలిచి మాట్లాడండి.

ఉపవాసాల విషయంలో మన ఇళ్ళు మోసపోతాయి. కార్తీక సోమవారం, శనివారం, ఆపైన గురువారం అంటూ రోజులు పెరుగుతుంటే "ఎంత భక్తో" అని మురిసిపోతాం. తేడా ఉపవాసం విడిచే వేళ తెలుస్తుంది. భక్తితో ఉన్న పిల్ల దీపం పెట్టి అందరితో కూర్చుని తింటుంది. జబ్బు ఉన్న పిల్ల ఆ వేళను వెనక్కి జరుపుతుంది, ప్రసాదం చేతిలోకి తీసుకుని నోట్లో వేసుకోదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇల్లంతా చుట్టాలతో నిండినప్పుడు గమనించండి, ఎవరితోనూ పంక్తిలో కూర్చోకుండా తప్పించుకుంటోందేమో. ఆ చుట్టాలకూ ఒక మాట చెప్పండి: "లావయ్యావు" అనడం ఎంత చెరుపో, "చిక్కావు, ఇప్పుడు బాగున్నావు" అనడమూ అంతే చెరుపు.

మగపిల్లల్లో ఇది ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. సైన్యంలో ఎంపిక కోసం తెల్లవారుజామున పరుగులు తీసే కుర్రాళ్ళు శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా ఉన్నారు. వాళ్ళలో ఒకడు జ్వరంలోనూ వ్యాయామం ఆపలేకపోతుంటే, గుడ్ల తెల్లసొన, ప్రోటీన్ పొడి తప్ప అమ్మ వండినదేదీ ముట్టకపోతుంటే అది క్రమశిక్షణ అని వదిలేయకండి. బరువులెత్తే పిల్లలకూ ఈ ప్రమాదం ఉంది. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన గడ్డ మనది. ఆ ఆటలో ప్రతివారూ ఏదో ఒక బరువు విభాగంలో ఇమడాలి. పోటీకి ముందు తిండి, నీళ్ళు మాన్పించి బరువు దింపించే పద్ధతిని మాస్టార్లు మానుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

"ఇదంతా పంతం, పొగరు" అనే తండ్రులకు నేనొక పరిశోధన గురించి చెబుతాను. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలలపాటు సగం తిండే పెట్టారు. వాళ్ళకు లావవుతామన్న బెంగ లేదు, పంతమూ లేదు. అయినా రోజంతా తిండి గురించే ఆలోచించారు, వంటల పుస్తకాలు చదివారు, చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. మళ్ళీ కడుపునిండా పెట్టాక కూడా కొందరు అదుపు లేకుండా తిన్నారు. ఆకలికి మాడిన మెదడు అలాగే నడుస్తుంది. మీ పిల్ల ముభావంగా ఉండటానికీ, కసురుకోవడానికీ అది కారణం కావచ్చు. తిట్టి, కొట్టి, బతిమాలి దాన్ని మార్చలేరు.

మాట్లాడేటప్పుడు భోజనం వేళ వద్దు, నలుగురిలో వద్దు. బరువు ఊసెత్తకుండా, చూసింది మాత్రమే చెప్పండి: "అమ్మా, నువ్వు వారం రోజులుగా రాత్రి అన్నం తినడం లేదు. మెట్లెక్కుతుంటే కళ్ళు తిరగడం చూశాను. నాకు భయంగా ఉంది, డాక్టరు దగ్గరకు కలిసి వెళ్దాం." ఏమీ లేదంటుంది. వాదించకండి, వెళ్ళడం మాత్రం మానకండి.

దిష్టి తీయించుకోవడం మీ ఇష్టం, దానికోసం ఆసుపత్రిని వాయిదా వేయకండి. క్షయ, థైరాయిడ్, మధుమేహం వల్ల కూడా పిల్లలు చిక్కిపోతారు, ముందు అవి ఉన్నాయో లేవో తేలాలి. నాడి, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూడమని అడగండి. రక్తపరీక్ష బాగుందని జబ్బు లేదనుకోకూడదు. శ్రీకాకుళం రిమ్స్‌లో, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో మానసిక వైద్యులుంటారు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. స్పృహ తప్పినా, పగలు నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, వాంతిలో రక్తం పడినా, చచ్చిపోతానన్నా ఆ రోజే 108కి ఫోన్ చేయండి.

చాలా రోజులు తినని పిల్లకు జాలితో ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. డాక్టరు చెప్పిన మోతాదులో పెంచాలి. ఆ తర్వాతి పని ఇంటిదే: వేళకు భోజనం, పెద్దవాళ్ళలో ఒకరు పక్కన కూర్చుని తినడం, తిన్నాక ఒక గంట కబుర్లో, చదువో, ఏదో ఒకటి కలిసి చేయడం. కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు. పరీక్షల ముందు, ఇల్లు వదిలి కొత్త ఊరు వెళ్ళినప్పుడు జబ్బు తిరగబెట్టవచ్చు. అందుకే హాస్టల్‌లో చేర్చేటప్పుడే వార్డెన్‌కు చెప్పి, మందుల చీటీ, డాక్టరు ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళండి. మీరు చెప్పిన విషయం పక్క గదికి కూడా తెలియనివ్వం.