తక్కువ ఖర్చులో మంచి పిల్లి తిండి ఎంచుకోవడం ఎలా?

పిల్లి తిండి కొనేటప్పుడు చాలామంది చూసేవి రెండే: సంచి ముందువైపు బొమ్మ, కిలో ధర. పిల్లికి పనికొచ్చే సంగతులన్నీ సంచి వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఏళ్లుగా పిల్లుల్ని పెంచుతున్న నేను ముందువైపు చూడటం ఎప్పుడో మానేశాను.

కావలసినవి: కాలిక్యులేటర్, కాస్త ఓపిక.

1. లేబుల్ మీద ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని ఉండాలి. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది చిరుతిండి, రోజూ కడుపు నింపడానికి పనికిరాదు. కూనలకు కూనల తిండే కొనండి.

2. పదార్థాల్లో మొదటి పేరు మాంసానిదో చేపదో కావాలి. మొక్కజొన్న ఒక్కటే రెండు మూడు పేర్లతో విడివిడిగా కనిపిస్తే ఆ సంచి పక్కన పెట్టండి. కాలేయం, గుండె లాంటివి చూసి ముఖం చిట్లించకండి, అవి మంచి పోషకాలే. ‘గ్రెయిన్ ఫ్రీ’ (ధాన్యాలు లేనిది) అన్న మాటకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

కుక్క తిండి చవకని పిల్లికి పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పిల్లి ఒంట్లో టారిన్ అనే పోషకం సరిపడా తయారవదు. అది తిండిలోంచే రావాలి. లోపిస్తే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ గుండె జబ్బుకూ టారిన్ లోటుకూ ఉన్న సంబంధం 1987లో బయటపడింది.

3. అందరూ తప్పు చేసేది ఇక్కడే. తడి తిండి డబ్బా మీద ప్రోటీన్ 10%, పొడి గింజల సంచి మీద 32% అని చూసి గింజలే మేలనుకుంటారు. డబ్బాలో 78% నీళ్లే! నీళ్లు తీసేసి లెక్కకట్టాలి. వందలోంచి తేమ శాతం తీసేయండి, మిగిలినదానితో ప్రోటీన్‌ను భాగించి వందతో గుణించండి. డబ్బాకు 10 ÷ 22, అంటే దాదాపు 45%. తేమ 10% ఉన్న గింజలకు 32 ÷ 90, అంటే 36% దాకా. ఇప్పుడు ఏది మేలో తెలిసిందిగా.

అమెరికాలో పశువుల, పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే ఆఫ్‌కో సంస్థ ప్రకారం, ఇలా నీళ్లు తీసేసిన లెక్కలో, పెద్ద పిల్లికి కనీసం 26%, కూనకు 30% ప్రోటీన్ ఉండాలి. 35 కంటే తక్కువైతే నేను కొనను, మీరూ కొనకండి.

ధరను కూడా బరువుతో పోల్చవద్దు, క్యాలరీలతో పోల్చండి. గింజలు 100 గ్రాములకు దాదాపు 350–400 క్యాలరీలు ఇస్తాయి, డబ్బా తిండి 80–100 ఇస్తుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200–250 చాలు. సంచి ధరను అందులోని మొత్తం క్యాలరీలతో భాగించి, రోజుకు కావలసినన్నిటితో గుణిస్తే రోజు ఖర్చు తేలుతుంది. కిలో ధర ఎక్కువున్న సంచి రోజు లెక్కకు వచ్చేసరికి చవకగా తేలడం నేను చాలాసార్లు చూశాను. గింజలు ప్రధానంగా పెట్టి, ఒక పూట డబ్బా తిండి పెట్టడమే సరైన పద్ధతి. పిల్లులు నీళ్లు తక్కువ తాగుతాయి, ఆ లోటు డబ్బా తీరుస్తుంది.

4. నెలలో అయిపోయేంత సంచే తీసుకోండి. తెరిచి ఎక్కువ రోజులుంటే అందులోని కొవ్వు పాడై చెడు వాసన వేస్తుంది, పిల్లి ముట్టదు.

5. కొత్త తిండిని పాతదాంట్లో కలుపుతూ 7–10 రోజుల్లో మార్చండి. ఆకలేస్తే అదే తింటుందని పస్తు పెట్టకండి. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది, లావుపాటి పిల్లికి మరీ ప్రమాదం. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత తిండి మళ్లీ పెట్టండి, అదీ తినకపోతే వెంటనే పశువైద్యుడికి చూపించండి.