వాల్వు ఆంప్లిఫయర్‌లో గుయ్‌మనే రొద తగ్గించడం ఎలా?

పాట ఆగగానే స్పీకర్లో గుయ్‌మని రొద వస్తే చాలామంది ముందు వాల్వులు (గాజు వాక్యూమ్ ట్యూబులు) మార్చేస్తారు. తర్వాత కెపాసిటర్లు, ఆ తర్వాత ఖరీదైన కేబుళ్లు. రొద మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అది ఎక్కడ పుడుతోందో తేలేదాకా పైసా ఖర్చు పెట్టకండి.

కావలసినవి: మల్టీమీటరు, చెక్క పెన్సిలు, 10 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టరు, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లు, సిగ్నల్ పిన్నునీ గ్రౌండునీ లోపలే కలిపి టంకం వేసిన ఆర్‌సీఏ ప్లగ్గులు (ఆడియో కేబుల్ కొసన ఉండే రకం) రెండు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే అన్నీ ఒకే పూటలో దొరుకుతాయి.

మొదట వాల్యూమ్ తిప్పి చూడండి. రొద వాల్యూమ్‌తో పాటు పెరిగితే తప్పు నాబ్‌కి ముందుంది, మారకపోతే తర్వాత ఉంది. ఇప్పుడు ఆ రెండు ప్లగ్గుల్ని ఇన్‌పుట్‌లో పెట్టండి. రొద ఆగిందా, ఆంప్‌ని విప్పక్కర్లేదు. తప్పు బయటి పరికరాలదో కేబుళ్లదో. ఫోన్లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఉంటే స్పీకరు దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్. ముల్లు 50 దగ్గర లేస్తే వాల్వుల్ని వేడిచేసే ఫిలమెంటు తీగలనీ, ఎర్త్ లూప్‌నీ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి ఏర్పడే చుట్టునీ), ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్నీ అనుమానించాలి. 100 దగ్గర లేస్తే డీసీలోని ఒడిదుడుకుల్ని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లనీ, జత కుదరని అవుట్‌పుట్ వాల్వులనీ చూడాలి. ఈ పరీక్షల్లో స్పీకరు వైరు మాత్రం ఊడదీయకండి. లోడు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

వైబ్రేషన్‌తో వచ్చే రొద సంగతి తేలిక. పెన్సిలుతో ఒక్కో వాల్వునీ మెల్లగా తట్టండి. స్పీకర్లో టింగ్‌మని మోగినది మైక్రోఫోనిక్ వాల్వు, అంటే అదురుని శబ్దంగా మార్చేది. ఎక్కువగా ఇన్‌పుట్ దగ్గరి 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు ఇలా చేస్తుంది. దాన్ని తర్వాతి స్టేజీకి మార్చి, నిశ్శబ్దంగా ఉన్నదాన్ని ముందుకు తేవాలి. సిలికాన్ రింగులు కొంతవరకే పనిచేస్తాయి. రొద స్పీకర్లోంచి కాక పెట్టెలోంచే వస్తుంటే ప్లగ్ పీకి ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు బిగించి, కింద రబ్బరు వాషర్లు వేయండి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరికే మామూలు రబ్బరు చాలు. ఆంప్‌ని స్పీకరు మీద పెట్టడం తప్పు.

ఫిలమెంటు తీగలు రెండూ గట్టిగా పురిపెట్టి, షాసీ (ఆంప్ లోహపు చట్రం) మూల వెంబడి, సిగ్నల్ తీగలకు దూరంగా నడపాలి. ఫిలమెంట్లకిచ్చే 6.3 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ (చుట్ట మధ్యలోంచి తీసిన తీగ) లేకపోతే దాని రెండు కొసల్నీ చెరో 100 ఓమ్ రెసిస్టరుతో గ్రౌండుకి కలపాలి. అందరూ ఫిలమెంటుకి డీసీ ఇవ్వాలంటారు. గ్రామఫోన్ రికార్డుల సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజీకి తప్ప అది అనవసరం. తీగలు సరిగ్గా నడిపితే ఏసీయే హాయిగా పనిచేస్తుంది.

ఇక అసలు కష్టం గ్రౌండుతోనే. సెట్లు పాడయ్యేదీ, మనుషులు షాక్ తినేదీ ఇక్కడే.

త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే రొద చాలాసార్లు ఆగిపోతుంది. అందుకే ఆ సలహా ఇన్ని నోళ్లలో తిరుగుతోంది. దయచేసి ఆ పని చేయకండి. లోపల 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున ఫ్యూజు ఎగిరేలా చేసేది ఆ ఎర్త్ తీగే. అది లేకపోతే పైరేకు మొత్తానికీ కరెంటు వస్తుంది. పాత అపార్ట్‌మెంట్లలో సాకెట్టుకి మూడు కన్నాలున్నా ఎర్త్ వచ్చి ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి.

లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకండి. ఆ 10 కిలో ఓమ్‌ల రెసిస్టరుని క్లిప్పులతో ఫిల్టర్ కెపాసిటరు రెండు కొసల మధ్యా తగిలించి కాసేపు ఉంచండి. మీటరులో 5 వోల్టుల కిందికి వచ్చాకే ముట్టుకోవాలి. స్విచ్ ఆపేశాం కదా అనుకోకండి. కెపాసిటరు ఛార్జి పట్టుకునే ఉంటుంది. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని పనిచేయడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ హై వోల్టేజి వైండింగ్ సెంటర్ ట్యాప్ నుంచి మొదటి ఫిల్టర్ కెపాసిటర్ నెగటివ్‌కి వెళ్లే తీగ చూడండి. కెపాసిటర్‌ని నింపే కరెంటు ఆ ముక్కలో సెకనుకి 100 సార్లు కుదుపులుగా పారుతుంది. అంగుళం తీగకైనా కాస్త రెసిస్టెన్స్ ఉంటుంది కదా. ఇన్‌పుట్ గ్రౌండు తెచ్చి ఆ ముక్క మధ్యలో అతికించారో, ఆ కుదుపులు సిగ్నల్లో కలుస్తాయి, 12ఏఎక్స్7 వాటిని పెంచి వినిపిస్తుంది. మరమ్మతుకని వచ్చే సెట్లలో నేను ఎక్కువగా చూసేది ఈ ఒక్క తప్పే. సెంటర్ ట్యాప్ నేరుగా కెపాసిటర్ కాలికే రావాలి, మిగతా గ్రౌండులన్నీ దాని అవతలి వైపునుంచే బయల్దేరాలి. ఆడియో గ్రౌండు షాసీకి ఒక్కచోటే, ఒక్క తీగతో, ఇన్‌పుట్ జాక్‌ల దగ్గరే కలవాలి. అందుకే జాక్‌లకి ఫైబర్ వాషర్లు వేసి షాసీని తాకకుండా చూడాలి. మెయిన్స్ ఎర్త్ తీగకి మాత్రం విడిగా బోల్టు వేసి, పెయింటు గీకి, నేరుగా షాసీకే బిగించాలి.

తప్పు బయటిదని తేలితే సెట్‌టాప్ బాక్స్ డిష్ కేబులు, ల్యాప్‌టాప్ త్రీ పిన్ ఛార్జరు ఒక్కొక్కటే తీసి చూడండి. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడపండి. అయినా పోకపోతే సిగ్నల్ దారిలో 1:1 ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు తిప్పినప్పుడల్లా జర్‌మనే శబ్దం మారుతుంటే అది గ్రౌండు సమస్య కాదు. ఆంప్‌ని ఆ లైను నుంచి వేరే సాకెట్టుకి మార్చండి.