గట్టు జాతరకు పోయే ముందు

మాఘమాసం వచ్చిందంటే నార్కట్‌పల్లి పక్కన చెరువుగట్టు మీద ఇసుకేస్తే రాలనంత జనం. గట్టు దిగే తొవ్వలో పచ్చబొట్లు పొడిచేవాళ్లు మిషన్లు పెట్టుకుని కూర్చుంటారు. నిరుడు మా హాస్టల్ పిల్లగాడొకడు ముంజేయి చూపించి మురిసిపోయాడు. 'అమ్మ' అని రాసుంది, చుట్టూ ఇంకా ఎర్రగానే ఉంది.

"సూది మార్చిండా?"

"గుడ్డతోని మంచిగ తుడిసిండు సార్."

తుడిస్తే పోదు. ముందువాని నెత్తురు సూదికే కాదు, దాన్ని ముంచే రంగు మూతలోనూ ఉంటుంది. హెచ్ఐవీ బయట ఎక్కువసేపు బతకదు గానీ కాలేయాన్ని చెడగొట్టే హెపటైటిస్-బి వైరస్ ఎండిన నెత్తురు మరకలో వారం దాకా ఉంటుంది. పొడిపించుకునే తీరాలంటే మీ కళ్లముందే కొత్త సూది ప్యాకెట్ చింపాలి, రంగు వేరే మూతలో పోయాలి. లేదంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఊళ్లో జ్వరానికి సూది వేయించుకున్నా ఇదే లెక్క.

పచ్చబొట్టు గురించి ఇంత గట్టిగా చెప్తాం గానీ అసలు ముచ్చట దగ్గరికొచ్చేసరికి మా సార్లందరికీ దగ్గొస్తుంది. మన దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా సోకేది కండోమ్ లేని కలయికతోనే. పిల్లలేమో దోమ కుడితే వస్తదా, ఒకే కంచంలో తింటే వస్తదా అనడుగుతారు. రాదు. కలయిక గురించి మాత్రం ఎవరూ అడగరు, కాబట్టి అడగకున్నా చెప్తున్నా. ఆగడం మంచిదే. అవతలి మనిషి వద్దంటే ఆగాల్సిందే. ఆగనప్పుడు కండోమ్ ఉండాలి. దాన్ని పర్సులో పెట్టి వెనక జేబులో నెలల తరబడి తిప్పితే వేడికి, ఒరిపిడికి పాడవుతుంది. తేదీ చూడండి, పళ్లతో చింపకండి, కొబ్బరినూనె తగిలించకండి, రబ్బరు చిరుగుతుంది. ఒకటి ఒక్కసారికే. "మనిషి మంచిగున్నడు, ఏం కాదు" అనుకోకండి, వైరస్ ఉన్నా ఏళ్లపాటు పైకి ఏమీ కనపడకపోవచ్చు.

పొరపాటు జరిగితే జాతర అయ్యేదాకా ఆగొద్దు. 72 గంటలు దాటకముందే పెద్దాసుపత్రి డాక్టరుకు దాచకుండా చెప్పండి. అవసరమనుకుంటే 28 రోజులు వేసుకునే మందులు రాస్తారు. అవి వైరస్‌ను ఒంట్లో పాతుకోనివ్వకుండా ఆపగలవు. మొదటి గోళీ ఎంత తొందరగా పడితే అంత మేలు.

హెచ్ఐవీ పరీక్ష ఐసీటీసీలో, అంటే సర్కారు దవాఖానాల్లో సలహా ఇచ్చి పరీక్ష చేసే కేంద్రంలో, ఉచితం. నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా సర్కారు దవాఖానాలో అడిగితే గది చూపిస్తారు. మర్నాడే చేయించుకుని 'లేదు' అని వస్తే నిశ్చింత పడొద్దు, మూడు నెలలకు మళ్లీ చేయించాలి. ఉందని తేలినా మందులు ఉచితమే. రోజూ వేసుకుని వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గితే కలయికతో ఇంకొకరికి సోకదు. హెచ్ఐవీ ఉందని కాలేజీ నుంచి, హాస్టల్ నుంచి వెళ్లగొట్టకూడదని 2017 చట్టం చెప్తుంది.

నాలాంటి సారు ముందు నోరు రాకపోతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. పైసలు పడవు.