మొక్కు తీరాక మోకాటి మీద వాపు: బర్సైటిస్

సమస్య: కొండెక్కి వచ్చిన రెండు మూడు రోజులకు మోకాటి చిప్ప మీద నిమ్మకాయంత వాపు. వేలితో నొక్కితే లోపల నీళ్ళున్నట్టు మెత్తగా కదులుతుంది. నడవడానికి పెద్ద ఇబ్బంది లేదు, మోకాలు నేలకు ఆనిస్తే మాత్రం ప్రాణం పోతుంది.

మా పెద్దమ్మకు అచ్చం ఇదే వచ్చింది. తిరుమల మెట్లదారిలో, రామానుజులవారు కొండను కాలితో తొక్కకూడదని మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పుకునే మోకాళ్ళ పర్వతం దగ్గర, ఆమె కూడా మొక్కు ప్రకారం మోకాళ్ళ మీదే ఎక్కింది. వాపు చూసి, "కీళ్ళరిగిపోయినాయి నాయనా, ఇంక కొండెక్కే యోగం లేదు నాకు" అని ఏడ్చింది. కీలుకేమీ కాలేదు.

కారణం: చర్మానికీ చిప్పకూ మధ్య బర్సా అనే పల్చటి సంచి ఉంటుంది. అందులో కొద్దిగా జిగురు ద్రవం, రాపిడి తగలకుండా. ఒంట్లో ఇలాంటివి 100కి పైనే ఉన్నాయి. ఒకే చోట పదేపదే ఒత్తిడి పడితే సంచి వాచి ద్రవం నిండుతుంది, దీన్నే బర్సైటిస్ అంటారు. టైల్స్ పరిచేవాళ్ళకు మోకాటి మీద, బల్లకు మోచెయ్యి ఆనించి కూర్చునేవాళ్ళకు మోచేతి కొన మీద, గంటలకొద్దీ మగ్గం ముందు కూర్చునేవాళ్ళకు పిర్ర కింద వచ్చేదీ ఇదే. ఏ ఒత్తిడీ లేకుండా వస్తే గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ళ జబ్బు), కీళ్ళవాతం ఉన్నాయేమో పరీక్ష చేయించాలి.

పరిష్కారం: ముందు ఆ ఒత్తిడి ఆపండి. ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నొప్పి మాత్రలు డాక్టరును అడిగే వేసుకోండి, బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్ళు మరీనూ. నూనె పోసి గట్టిగా రుద్దొద్దు, సూదితో పొడవొద్దు. పుత్తూరు కట్టుకు పరుగెత్తే పనీ లేదు, ఇక్కడ ఎముక విరగలేదు.

వాపు ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రాతికి గీసుకున్న చోటు నుంచి క్రిములు సంచిలోకి చేరి ఉండొచ్చు. షుగరున్నవాళ్ళకు ఇది ప్రమాదం. డాక్టరు ద్రవం తీసి పరీక్షకు పంపి, యాంటీబయాటిక్ ఇస్తారు. మోకాలంతా వాచి అసలు వంగకపోతే అది కీలు లోపలి గొడవ, దాని వైద్యం వేరు.

మళ్ళీ మొక్కుంటే మోకాళ్ళకు మందపాటి గుడ్డ కట్టుకుని ఎక్కండి, దానివల్ల మొక్కుకేమీ లోటు రాదు. ఒకసారి ఉబ్బిన సంచి ఒత్తిడి పడితే మళ్ళీ ఉబ్బుతుంది. అందుకే పెద్దమ్మ ఇప్పుడు వాకిట్లో ముగ్గు కూడా చిన్న పీట మీద కూర్చునే వేస్తోంది.